పసిపిల్లల్ని వేసవి ప్రకృతి క్యాంపుకు పంపే ముందు

నీళ్ల సీసా మూత పిల్లలు తమంతట తామే తీయగలరో లేదో ఇంట్లోనే చూడండి. మూత రాక, అడగడానికి మొహమాటపడి దాహంతోనే ఉండిపోయే పసివాళ్లు ఉంటారు.

- వేళ్లు కప్పే బూట్లు, అంచున్న టోపీ.
- ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే స్థాయి) 30కి తగ్గని సన్‌స్క్రీన్ బయల్దేరడానికి 15 నిమిషాల ముందే రాయాలి. 2 గంటలకోసారి మళ్లీ అక్కడ ఎవరు రాస్తారో కనుక్కోండి.
- ఉబ్బసం, అలర్జీ ఉంటే మందు బ్యాగులో పెట్టి వదిలేయొద్దు. ఎప్పుడు, ఎంత వేయాలో రాసి టీచర్ చేతికే ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.
- తెలియని కాయలు, పుట్టగొడుగులు నోట్లో పెట్టుకోవద్దని పొద్దున్నే మళ్లీ చెప్పండి.
- నీటి ఒడ్డుకు తీసుకెళ్తారా? పిల్లల మీదే కన్నుంచే పెద్దవాళ్లు ఎవరో అడగండి.
- ఉరిమితే వెంటనే లోపలికి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు.
- సాయంత్రం చెవుల వెనక, చంకల్లో పిడుదులు (చర్మానికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయేమో వెతకండి.