చెన్నైలో పెద్దవాళ్లకు తోడుండే ఇల్లు వెతకడం ఎలా?

నెల్లూరులో ఒంటరిగా ఉండే మా పిన్ని ఓ రాత్రి బాత్రూంలో జారిపడి, పొద్దున పాలబ్బాయి తలుపు తట్టేదాకా అక్కడే ఉండిపోయింది. ఎముకలు విరగలేదు. లేచి కూర్చున్నాక మాత్రం తేల్చి చెప్పేసింది: "అమ్మాయ్, మీ ఇంటికి రాను. వృద్ధాశ్రమానికీ పోను."

ఆ రెండింటికీ మధ్య ఉన్నదాన్ని వెతుక్కుంటూ చెన్నై చుట్టూ పదకొండు చోట్లకు తిరిగాను. తన గది, తన తాళంచెవి, తన కాఫీ గిన్నె; కావలసిన పనికి, కావలసిన వేళకు మాత్రం ఒక మనిషి. ఇలాంటివాటిని సీనియర్ లివింగ్ అనీ, అసిస్టెడ్ లివింగ్ అనీ అంటున్నారు. బోర్డు మీది పేరును బట్టి లోపల ఏముందో చెప్పలేం. అందుకే ముందు చూడవలసింది ఇళ్లను కాదు, మనిషిని.

మొదటి అడుగు: ఏ పనికి సాయం కావాలో రాసుకోండి

వృద్ధుల వైద్యులు ఆరు పనులు చూస్తారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం. వీటికి ఫోను, బజారు, వంట, ఇల్లు సర్దడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు కలపండి. కాగితం మీద మూడు గళ్లు గీయండి: తానే చేసుకుంటారు, పక్కన మనిషి ఉంటే చేసుకుంటారు, చేసుకోలేరు. మీరు డబ్బు పెట్టి కొనవలసింది ముఖ్యంగా ఆ నడిమి గడినే.

పిన్ని విషయంలో నడిమి గడిలో స్నానం, రాత్రి మందులు, బ్యాంకు పని మాత్రమే పడ్డాయి. వంట హాయిగా చేసుకుంటుంది. అంటే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మనిషి వస్తే చాలు. చాలాచోట్ల మాత్రం అన్నీ కలిపిన ప్యాకేజీనే అంటగట్టబోయారు. అది డబ్బు దండగ మాత్రమే కాదు. నడవగలిగినవాళ్లను చక్రాల కుర్చీలో తిప్పితే కొన్నాళ్లకు కాళ్లలో సత్తువ పోయి నిజంగానే నడవలేకపోతారు.

ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే జారిపడే ప్రమాదం ఉన్నట్టు. పక్కనే నిలబడి చేయించండి.

మతిమరుపు ఉంటే తొందరపడి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) అనుకోకండి. థైరాయిడ్ లోపం, బీ12 తక్కువ కావడం, దిగులు కూడా అలాగే కనిపిస్తాయి. గిండిలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన 200 పడకల ప్రభుత్వ ఆసుపత్రి ప్రత్యేకంగా వృద్ధుల కోసమే. ఇల్లు ఎంచుకునే ముందు అక్కడో, వృద్ధుల వైద్యం తెలిసిన మరో డాక్టరు దగ్గరో ఒకసారి చూపించండి.

రెండో అడుగు: డబ్బు లెక్క పదేళ్లకు వేయండి

కొనడం, పెద్ద డిపాజిట్ కట్టి ఉండటం, నెలనెలా అద్దె ఇవ్వడం, ఇలా మూడు దారులున్నాయి. నా సలహా: మొదటి ఏడాది ఏదీ కొనకండి. ఈరోజు చాలిన సాయం రెండేళ్లకు చాలకపోవచ్చు. పైగా ఇలాంటి ఫ్లాట్లను తిరిగి అమ్మాలన్నా, మీరు ఉండాలన్నా వయసు నిబంధనలు అడ్డు రావచ్చు.

నెల ఖర్చు ఏటా ఎంత పెంచుతారో అడగండి. ఉదాహరణకు ఇప్పుడు రూ.35,000 అనుకుందాం. ఏటా 8 శాతం పెరిగితే పదేళ్లకు అది రూ.75,000 దాటుతుంది. పెన్షను అంత వేగంగా పెరుగుతుందా? డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి కూలి బిల్లులో ఉన్నాయా, వేరేనా? ఇంకొకటి: పన్ను చట్టం కింద నమోదైన ధర్మసంస్థ నడిపే ఆశ్రమమైతే 60 ఏళ్లు దాటినవారికి, వసతి, భోజనం, నిర్వహణ కలిపి నెలకు రూ.25,000 వరకు జీఎస్టీ ఉండదు. వ్యాపార సంస్థ నడిపితే ఆ మినహాయింపు రాదు.

మూడో అడుగు: రాత్రి ఎనిమిది తర్వాత వెళ్లండి

పగలు అన్ని చోట్లా పూలకుండీలు, నవ్వు ముఖాలే. రాత్రి ఎంతమంది ఉన్నారో, నర్సు మేలుకుని ఉందో లేదో చూడాలి. బాత్రూంలో ఎమర్జెన్సీ బెల్ తాడు నేలకు దగ్గరగా వేలాడుతోందా? నేను చూసిన మూడు చోట్ల తుడిచేటప్పుడు అడ్డొస్తోందని దాన్ని పైకి చుట్టి కట్టేశారు. పడిపోయిన మనిషికి అందని బెల్లు ఎందుకు? మీరే ఆ తాడు లాగి, మనిషి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. మొహమాటపడకండి.

బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే పడిన మనిషే దానికి అడ్డం అవుతారు. గది గడియ లోపల పెట్టుకోగలగాలి, అవసరమైతే సిబ్బంది బయటినుంచి తీయగలగాలి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైనా ఉండాలి.

పిన్ని మాత్రం ప్రతిచోటా ఒకే ప్రశ్న అడిగింది: "రాత్రి పదకొండింటికి కాఫీ తాగాలనిపిస్తే?" ఒక మేనేజరు ఏడింటికే పొయ్యిలు ఆపేస్తాం అన్నాడు. మరొకామె తనంతట తానే ఆగిపోయే ఇండక్షన్ పొయ్యి చూపించింది. పిన్ని నిర్ణయం అక్కడే అయిపోయిందని నాకు తర్వాత అర్థమైంది.

నాలుగో అడుగు: వాన గురించి అడగండి

చెన్నైలో ఇది వదిలేయదగ్గ విషయం కాదు. 2015 వరదలోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ తాంబరం పక్కన ముడిచూరు, వరదరాజపురం వంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వేళచ్చేరి, పళ్లికరణై సంగతి చెప్పనక్కరలేదు. ఆ రెండు సంవత్సరాల పేర్లు చెప్పే అడగండి: నీళ్లు ఎంతవరకు వచ్చాయి? కరెంటు ఎన్నాళ్లు లేదు? జనరేటరు లిఫ్టుకు, ఆక్సిజన్ యంత్రానికి, ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌కు కూడా సరిపోయిందా? రెండో పూట సిబ్బంది రాలేకపోతే ఎవరున్నారు? సమాధానం మేనేజరు దగ్గర కాదు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో దొరుకుతుంది.

ఐదో అడుగు: భాష

రెండు వారాలు ప్రయత్నంగా ఉన్న ఒక చోట పిన్ని "కళ్లు తిరుగుతున్నాయి" అంటే, తమిళం మాత్రమే తెలిసిన ఆయా పిన్ని కళ్లలో చుక్కల మందు వేయబోయింది. తమిళంలో తిరిగేది తల, కళ్లు కావు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. బీపీ పడిపోయిందని అరగంట తర్వాత తెలిసింది. రాత్రి డ్యూటీలో ఒడిశా నుంచి వచ్చినవాళ్లుంటే తమిళమూ పనిచేయదు.

తెలుగు తెలిసినవారు ఒక్కరైనా రాత్రి పూట ఉండేలా అడగండి. లేకపోతే మంచం దగ్గర అట్ట మీద పది మాటలు బొమ్మలతో రాసి పెట్టండి: కళ్లు తిరగడం, గుండెలో నొప్పి, ఆయాసం, దాహం, చలి. డిమెన్షియా ఉన్నవారు తర్వాత నేర్చుకున్న భాషలు మరిచి తల్లిభాషకే మళ్లడం మామూలే. నలభై ఏళ్లు మద్రాసులో ఉద్యోగం చేసి తమిళం దంచేసిన మామయ్యలకు కూడా అట్ట అవసరం రావచ్చు.

ఆరో అడుగు: కాగితాలు

కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైరైనవారు ఉండే ఇళ్లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. ఇల్లు కట్టినవారు, సేవలందించేవారు, ఉండేవారు ముగ్గురూ కలిసి రాసుకునే ఒప్పందం అందులో ఉంది. మీ ఒప్పందంలో సేవల సంస్థ సంతకం ఉందో లేదో చూడండి. లేకపోతే రేపు భోజనం బాగాలేదంటే కట్టినవారు సేవల సంస్థ మీద, ఆ సంస్థ కట్టినవారి మీద తోస్తారు. కొత్త నిర్మాణమైతే తమిళనాడు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య సరిచూసుకోండి. ఖాళీ చేస్తే డిపాజిట్ ఎన్నాళ్లకు, ఎంత కోసుకుని ఇస్తారో అంకెల్లో రాయించండి.

పవర్ ఆఫ్ అటార్నీ ఉందని నిశ్చింతగా ఉండకండి. రాసిచ్చినవారికి మతి స్థిమితం తప్పితే అది చెల్లదు. బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ముందే మార్చుకోండి. చివరి దశలో ఎలాంటి వైద్యం వద్దో రాసిపెట్టే పత్రం విధానాన్ని సుప్రీంకోర్టు 2023లో తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు.

ఊళ్లో ఇల్లు అప్పుడే అమ్మకండి. పిల్లలకు రాసిస్తే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయించుకోవడానికి ఆ వాక్యమే ఆధారం.

ఏడో అడుగు: ఉండి చూడటం

కనీసం నెల రోజులు ఉండి చూశాకే సంతకం. మొదటి వారం మీరు రోజూ వెళ్లకండి. వెళితే వాళ్లకు అక్కడి కొత్త మనుషులతో మాటలు కలవవు. ఫోను చేసినప్పుడు "బాగున్నావా" అంటే "బాగున్నా" అనే వస్తుంది. "ఈరోజు ఎవరితో మాట్లాడావు, ఏం తిన్నావు" అని అడగండి.

ఫిర్యాదు వినిపించుకోకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయండి. పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు. ప్రాణం మీదికి వస్తే మాత్రం 108కే. మొదట గీసిన మూడు గళ్ల కాగితాన్ని మూడు నెలలకోసారి మళ్లీ నింపండి. ఒక పని నడిమి గడిలోంచి మూడో గడిలోకి జారితే సాయం పెంచమని రాతపూర్వకంగా అడగండి. వెనక్కి వస్తే తగ్గించమని కూడా అడగండి. పిన్ని స్నానం కిందటి నెల మొదటి గడిలోకి వచ్చింది. పట్టుకునే కడ్డీ బిగించాక ఆయాను గుమ్మం దగ్గరే నిలబెడుతోంది.