స్టార్ సెంటర్‌ను ఇచ్చి కుర్రాళ్ళను తీసుకుంటే: ప్రాస్పెక్ట్‌లను బేరీజు వేయడం ఎలా

తిరుపతిలో ఎన్‌హెచ్‌ఎల్, అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్, చూసేవాళ్ళం కొద్దిమందిమే. చలికాలంలో తెల్లవారుజామున ఐదున్నరకే మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటాం, కానీ ఏదో జట్టు తన స్టార్ సెంటర్‌ను (ముందు వరుస మధ్యలో ఆడేవాడు) ట్రేడ్ చేసిందని, అంటే ఇంకో జట్టుకిచ్చి బదులుగా ప్రాస్పెక్ట్‌లను (ఇంకా ఎదగాల్సిన కుర్రాళ్ళు) తీసుకుందని తెలిస్తే చాలు, మ్యాచ్ సంగతి వదిలేసి బాలాజీ కాలనీ టీ కొట్టు దగ్గర వాదన మొదలవుతుంది. అక్కడ అందరూ ముందు తలలు లెక్కపెడతారు. ఒకడికి నలుగురు వచ్చారు కాబట్టి మంచి బేరమే అంటారు.

అలా లెక్కపెట్టకండి. వచ్చినవాళ్ళలో అందరికన్నా మెరుగైన ఒక్కడిని పక్కకు తీసి, వీడు రేపు మొదటి లైన్‌లో, అంటే జట్టులో మేటి ముగ్గురు ఫార్వర్డ్‌లలో ఒకడిగా, ఆడగలడా అని అడగండి. 2005లో బోస్టన్ జో థార్న్టన్‌ను శాన్ హోసేకి ఇచ్చి ముగ్గురు ఆటగాళ్ళను తీసుకుంది. ముగ్గురూ పనికొచ్చేవాళ్ళే, కానీ అతని స్థానాన్ని నింపగలిగినవాడు ఒక్కడూ లేడు, అతనేమో అదే సీజన్‌లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు.

చిత్తూరు వైపు మామిడి తోటను పూత మీద కొనేవాళ్ళకు తెలుసు, పూసిందంతా కాయ కాదని. డ్రాఫ్ట్ పిక్ (ఏటా జట్లు కొత్త కుర్రాళ్ళను వరుసగా ఎంచుకునేటప్పుడు వచ్చే వంతు) అంటే పూత, జూనియర్ లీగ్‌లో ఆడే పంతొమ్మిదేళ్ళవాడు పిందె, ఇప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలబడ్డవాడు కాయ. దేనికి కట్టాల్సిన ధర దానికే కట్టండి. 2021 నవంబర్‌లో జాక్ ఐకెల్‌ను వేగస్‌కు ఇచ్చినప్పుడు బఫలోకి వచ్చినవాళ్ళలో ప్రాస్పెక్ట్ అంటే పేటన్ క్రెబ్స్, 2019లో 17వ పిక్. చివరికి గోల్స్ కొట్టింది మాత్రం అప్పటికే లీగ్‌లో ఆడుతున్న అలెక్స్ టక్, 2022-23లో 36. అదే సీజన్‌లో ఐకెల్‌తో వేగస్ స్టాన్లీ కప్పు, అంటే లీగ్ టైటిల్, కొట్టింది.

ఇక కుర్రాడి పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) చూసేటప్పుడు వయసు, లీగ్ రెండూ కలిపి చూడాలి. ఇరవై ఏళ్ళవాడు తనకన్నా చిన్నవాళ్ళ మీద జూనియర్‌లో వంద పాయింట్లు కొట్టడం కన్నా, పద్దెనిమిదేళ్ళవాడు స్వీడన్ లీగ్‌లో పెద్దవాళ్ళ మధ్య కొద్ది నిమిషాలే ఆడి ఇరవై పాయింట్లు తేవడం నాకు ఎక్కువ నమ్మకం ఇస్తుంది. పవర్‌ప్లే పాయింట్లు, అంటే ఎదుటి జట్టువాడు శిక్షపడి బయట కూర్చున్నప్పుడు వచ్చినవి, తీసేసి మళ్ళీ లెక్కేయండి, సగం పోతే అనుమానించండి. అతను నిజంగా సెంటరేనా అన్నదీ తప్పకుండా చూడండి, ఎందుకంటే జూనియర్‌లో సెంటర్‌గా ఆడినవాళ్ళు చాలామంది పైకి వచ్చాక వింగర్లుగా (పక్కల ఆడేవాళ్ళు) మిగులుతారు, అప్పుడు ఇచ్చిన సెంటర్ ఖాళీ అలాగే ఉంటుంది.

దీనికి తిరగబడిన కథ టేజ్ థాంప్సన్‌ది, నాకు చాలా ఇష్టమైనది కూడా. 2018లో ర్యాన్ ఓరైలీని సెయింట్ లూయిస్‌కు ఇచ్చి బఫలో తీసుకున్నవాళ్ళలో ఇతను ఒకడు, వింగర్. మొదటి సీజన్‌లో 7 గోల్సే. ఓరైలీ 2019లో కప్పుతో పాటు ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ కూడా గెలిచేసరికి బఫలో మోసపోయిందని అందరూ తేల్చేశారు. తర్వాత థాంప్సన్‌ను సెంటర్‌కు మార్చారు, 2021-22లో 38, ఆ మరుసటి ఏడాది 47 గోల్స్. ఆరడుగుల ఆరంగుళాల మనిషికి అలాంటి చేతి నైపుణ్యం అరుదు, అది మొదటినుంచీ ఉన్నదే. కాబట్టి గోల్స్ రాలేదని వెంటనే కొట్టిపారేయకుండా, శరీరం, నైపుణ్యం ఉన్నవాడికి మూడు నాలుగేళ్ళు ఇవ్వండి.

కాంట్రాక్ట్ కూడా చూడాలి. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి మధ్య సంతకం చేసినవాడికి మొదటి ఒప్పందం మూడేళ్ళు, తక్కువ జీతం. అందులో ఎన్ని ఏళ్ళు మిగిలాయో చూడండి, ఒక్క ఏడాదే ఉంటే వాడు ఎదిగే సమయానికి జీతమూ పెరుగుతుంది. కాలేజీలో ఆడుతూ ఇంకా సంతకం చెయ్యనివాడైతే ఇంకా జాగ్రత్త, నాలుగేళ్ళ చదువు పూర్తయ్యాక ఆగస్టు 15 దాటితే నచ్చిన జట్టుకు వెళ్ళిపోవచ్చు.

పిక్‌లను మాత్రం ఎప్పుడూ చివరి నంబర్లుగానే లెక్కేసుకోండి, స్టార్ వెళ్ళిన జట్టు బాగుపడుతుంది కదా, బాగా ఆడిన జట్టు పిక్ వెనక్కి పోతుంది. ఓరైలీకి బదులు వచ్చిన 2019 మొదటి రౌండ్ పిక్ 31వది, ఆ రౌండ్‌లో ఆఖరిది.