ఇంజను ఆగినా రాళ్ల పాలు కాకుండా: తెరచాప సరుకు ఓడను ఒడ్డుకు ఎంత దూరాన నడపాలి

మరియా అసుంప్తా 1858లో స్పెయిన్‌లోని బదలోనాలో సరుకుల కోసం కట్టిన, రెండు తెరచాప స్తంభాల ఓడ. 1995 మే 30న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో, ప్యాడ్‌స్టో రేవుకు వస్తూ రంప్స్ పాయింట్ రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. ముగ్గురు చనిపోయారు. గాలి ఒడ్డు వైపు వీస్తోంది, ఓడ ఒడ్డుకు దగ్గరగా ఉంది, ఆ సమయంలో ఇంజన్లు ఆగాయి. ఈ మూడింటిలో మన చేతిలో పూర్తిగా ఉండేది రెండోదే.

ముందు లెక్క చూసుకోండి. ఇలాంటి అడ్డ తెరచాపల ఓడ (తెరచాపలు స్తంభానికి అడ్డంగా కట్టినది) గాలి వచ్చే దిక్కుకు సుమారు 67 డిగ్రీల కన్నా దగ్గరగా వెళ్లలేదు. పక్కకు జారడం ఇంకో 10 డిగ్రీలు వేసుకోండి. అంటే ఒక మైలు నడిస్తే గాలికి ఎదురుగా దక్కేది మైలులో ఐదో వంతు. కెరటాలు పెద్దవైతే అదీ దక్కదు. గంటకు 2 మైళ్లు ఒడ్డుకు కొట్టుకుపోయే ఓడకు, మైలు దూరంలో ఉన్న రాళ్లు అరగంటలో తగులుతాయి. తెరచాపలు సర్ది ఓడను మళ్లించడానికి, అది ఒకసారి తప్పితే మళ్లీ ప్రయత్నించడానికి ఆ అరగంట సరిపోకపోవచ్చు. అందుకే దగ్గర దారి కలిసొస్తుందని దీవికీ ఒడ్డుకీ మధ్య నుంచి దూరకండి.

కొండమొన దాటుతామో లేదో కంటితోనే తెలుస్తుంది. మొన చివర వెనక దూరంగా కనిపించే నేలను చూస్తూ ఉండండి. అది మరింత బయటపడుతుంటే దాటుతారు. మొన దాన్ని కప్పేస్తుంటే ఒడ్డుకు జారిపోతున్నారు, అప్పుడే సముద్రం వైపు తిప్పండి.

బయల్దేరే ముందు డీజిల్ ఫిల్టర్ అడుగు నుంచి కొంచెం గాజుసీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు విడిగా కనిపిస్తాయి. అలాంటి ఇంధనంతో ఒడ్డు దగ్గర ఇంజనును నమ్ముకోవడం మూర్ఖత్వమే.

రేవు దగ్గరపడగానే లంగరు కట్లు విప్పి, వదలడానికి సిద్ధంగా పెట్టండి. 10 బారల లోతుకు కనీసం 50 బారల గొలుసు వదలాలి. గొలుసు పొట్టిదైతే లంగరు పైకి లేస్తుంది. అడుగు బండరాయి అయితే కొక్కెం పట్టకపోవచ్చు, లేదా పగుల్లో ఇరుక్కుని గొలుసే తెగొచ్చు. కాకినాడ దగ్గరి బురదకు అలవాటుపడ్డ చేతులు ఇక్కడే పొరబడతాయి. ఇసుక అడుగు ఎక్కడుందో చార్టులో ముందే గుర్తు పెట్టుకోండి.

ఇంజను ఆగితే దాన్ని బాగుచేయడానికి ఒక్కరినే పంపండి. మిగతావాళ్లు తెరచాపల దగ్గరా, లంగరు దగ్గరా ఉండాలి. అందరికీ లైఫ్‌జాకెట్లు తొడిగించి, వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ చానల్‌లో వెంటనే మేడే (ప్రాణాపాయంలో సాయం కోరే పిలుపు) పిలవండి. ఓడ రాళ్లకు తగిలాక ఆ పని చేద్దామనుకోవద్దు. ఇక తగలక తప్పదంటే, రాళ్ల మధ్య ఇసుక ఉన్న చోటికి ముక్కు పెట్టి తిప్పండి. ఓడకూ బండకూ మధ్యలో మాత్రం ఎవరూ దూకకూడదు, తర్వాతి కెరటానికి ఓడ వచ్చి నలిపేస్తుంది.