నెమ్మదిగా వెళ్లేవాళ్ల ట్రయాథ్లాన్ – 5వ పాఠం: సైకిల్ మీద తినడం

పోయిన పాఠంలో చెప్పిన పని చేసే ఉంటారు. వారానికి మూడు రోజులు సైకిల్, అందులో ఒక రోజు ఆగకుండా రెండు గంటలు. ఇంకా చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి, తొందరేం లేదు. రెండు గంటలు సీటు మీద కూర్చోవడం ఒంటికి అలవాటు కాకపోతే ఈ పాఠం సగమే అర్థమవుతుంది.

ఈసారి నేర్చుకునేవి తిండి, నీళ్లు, ఉప్పు. ఈ ధారావాహికలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదేనని నా నమ్మకం. తొంభై కిలోలు దాటినవాళ్లం పోటీ మధ్యలో ఎందుకు ఆగిపోతామో దగ్గర నుంచి చూశాను, నేనూ ఆగిపోయాను. కాళ్లలో బలం చాలక ఆగిపోయినవాళ్లు తక్కువ. కడుపు తిరగబడి, ఒంట్లో సత్తువ అడుగంటి కూలబడినవాళ్లే ఎక్కువ.

ముందు గడియారం సంగతి చూద్దాం. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయాథ్లాన్‌లో మన గురి సగం దూరం పోటీ, అంటే ఐరన్‌మ్యాన్ 70.3 (ఆ అంకె మొత్తం దూరం, మైళ్లలో). అందులో ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. గోవాలో 2019లో మొదలైన పోటీ ఈ దూరానిదే. మామూలుగా ఈతకు 1 గంట 10 నిమిషాలు, ఈత, సైకిల్ కలిపి 5 గంటల 30 నిమిషాలు, మొత్తానికి 8 గంటల 30 నిమిషాలు ఇస్తారు. మీరు పేరు నమోదు చేసుకున్న పోటీ నిబంధనలు విడిగా చదువుకోండి, కొన్నిచోట్ల తేడా ఉంటుంది. ఈత 55 నిమిషాల్లో ముగించి, బట్టలు మార్చుకోవడానికి 8 నిమిషాలు తీసుకున్నారనుకోండి. గంటకు 22 కిలోమీటర్ల చొప్పున తొక్కితే సైకిల్‌కు 4 గంటల 5 నిమిషాలు పడుతుంది. సైకిల్ దిగేసరికి గడియారంలో 5 గంటల 8 నిమిషాలు, అంటే గడువుకు ఇంకా 22 నిమిషాలు ముందున్నారు. బూట్లు మార్చుకుని 5 గంటల 15 నిమిషాలకు పరుగు మొదలుపెట్టి, కిలోమీటరుకు 8 నిమిషాల 45 సెకన్ల చొప్పున నడుస్తూ పరిగెత్తుతూ వెళ్లినా 8 గంటల 20 నిమిషాలకు గీత దాటేస్తారు.

22 అంటే కొంతమందికి చిన్న అంకెలా కనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం వెళ్లే దారిలో ఆదివారం పొద్దున్నే తొక్కితే మనలో చాలామంది 25 కూడా అందుకుంటారు. చదునైన దారిలో బరువు మనకు పెద్ద అడ్డు కాదు, అక్కడ అడ్డుపడేది గాలి. బరువు పగబట్టేది ఎత్తు ఎక్కేటప్పుడే. అందుకే మొదటి గంటలో ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, పక్కనుంచి కుర్రాళ్లు దాటిపోతుంటే మన కాలు కూడా ఊరుకోదు. ఆ గంటలో ఆపుకోవాలి. ఎందుకో చెబుతాను.

తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నాలుగో వంతు, ఇంకా తక్కువే, పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడి. ఒళ్లు పెద్దదైతే పుట్టే వేడీ ఎక్కువే, కానీ దాన్ని బయటికి పంపే చర్మం ఆ లెక్కన పెరగదు. దానికి తోడు మన తీరప్రాంతపు ఉక్క. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఉక్కలో అది ఆరకుండా కారిపోతుంది. అప్పుడు గుండె రక్తాన్ని కాళ్లకు, చర్మానికి మళ్లిస్తుంది. కడుపుకు మిగిలేది కొంచెమే. రక్తం అందని కడుపులో ఏం వేసినా అక్కడే నిలబడిపోతుంది, కాసేపటికి డోకు వస్తుంది. కాబట్టి సైకిల్ మీద వేగం ఎంత ఉండాలో తేల్చాల్సింది కడుపే. పక్కన తొక్కుతున్న మనిషితో రొప్పకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే కడుపు పనిచేస్తున్నట్టు. రెండు మాటలకే ఊపిరి తెగిపోతుంటే గేరు తగ్గించండి. హైవే మీద ఫ్లైఓవర్ వచ్చినా, ఏటి వంతెన ఎక్కాల్సి వచ్చినా అంతే. చిన్న గేరు వేసి, కాలు తేలిగ్గా తిప్పుతూ, ఎవరు దాటిపోతున్నా పోనివ్వండి.

ఇప్పుడు తిండి. మనలో చాలామంది ఈ దారి పట్టిందే బరువు తగ్గాలని. అందుకే సైకిల్ మీద తినమంటే మనసు ఒప్పదు. ఒంట్లో ఇంత కొవ్వు ఉంది కదా, అదే కరుగుతుంది, మళ్లీ తినడం దేనికి అనిపిస్తుంది. ఈ ఆలోచన వల్ల నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు. కొవ్వు గాదెలో వడ్ల లాంటిది. పుట్ల కొద్దీ ఉంటుంది, కానీ దంచి, చెరిగి, వండితే గాని అన్నం కాదు, దానికి టైమ్ పడుతుంది. కండల్లో, కాలేయంలో దాచుకున్న పిండి పదార్థం దుత్తలో అన్నం లాంటిది. చేయి పెడితే దొరుకుతుంది, కానీ మొత్తం కలిపి 400 నుంచి 500 గ్రాములకు మించదు. నెమ్మదిగా తొక్కితే గాదె నుంచి ఎక్కువ వస్తుంది, గట్టిగా తొక్కితే దుత్త ఖాళీ అవుతుంది. దుత్త ఖాళీ అయ్యాక గాదె నిండా వడ్లున్నా కాలు కదలదు. బరువు తగ్గించే పని రోజువారీ భోజనంలో చేసుకోండి. గంటన్నర దాటే సైకిల్ మీద మాత్రం కడుపు మాడ్చుకోకండి.

ఎంత తినాలి? గంటకు 50 గ్రాముల పిండి పదార్థం, చక్కెర కలిపి. అలవాటైతే 60 దాకా వెళ్లవచ్చు. అంతకంటే ఎక్కువ తినేవాళ్లున్నారు, అది నెలల తరబడి కడుపును తయారు చేసుకున్నవాళ్ల పని, మనకు వద్దు. అరటిపండు మధ్యరకానిది ఒకటి 20 నుంచి 25 గ్రాములు ఇస్తుంది. పల్లీ ఉండలు, పలాస జీడిపప్పు రుచిగా ఉంటాయి కానీ వాటిలో నూనె ఎక్కువ, కడుపులో నిదానంగా అరుగుతాయి. వాటిని ఇంటికొచ్చాక తినండి.

నాకు బాగా పనికొచ్చింది మామిడి తాండ్ర. విజయనగరం జిల్లా భీమాళి తాండ్ర గురించి ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. బరువులో మూడొంతుల దాకా చక్కెరే కాబట్టి 30 గ్రాముల ముక్క ఒక అరటిపండుతో సమానం. ఎండకు కరగదు, జేబులో నలగదు. శనివారం రాత్రి ఇలా చేస్తాను. తాండ్రను వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ మళ్లీ రెండు ముక్కలు చేస్తాను. ముక్క 15 గ్రాములు వచ్చేలా వంటింటి తూకం మీద ఒకటి రెండు చూసుకుంటే తర్వాత చేతికే తెలుస్తుంది. ఒక్కో ముక్కను బటర్ పేపర్‌లో చుట్టి, కాగితం చివర ఒక చెవి వదిలేస్తాను. ఆ చెవిని పళ్లతో పట్టుకుని లాగితే ఒక్క చేత్తో ముక్క నోట్లోకి వచ్చేస్తుంది, రెండో చెయ్యి హ్యాండిల్ వదలక్కర్లేదు. తాండ్ర గట్టిగా ఉంటుంది కాబట్టి కొరికి మింగేయకండి, బుగ్గన పెట్టుకుని నాననివ్వండి. తర్వాత రెండు గుక్కలు తాగండి.

తాగేది ఏమిటంటే, లీటరు నీళ్లలో 40 గ్రాముల పంచదార, 2 గ్రాముల ఉప్పు, అర నిమ్మకాయ. ఉప్పు టీస్పూన్‌లో మూడో వంతు అనుకోండి. గంటకు ముప్పావు లీటరు తాగితే 30 గ్రాముల చక్కెర వస్తుంది, రెండు తాండ్ర ముక్కలు కలిపితే మన 50 పూర్తి. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ ఉప్పూ పంచదారా మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను తప్పకుండా అడగండి. కొబ్బరినీళ్లు చాలవా అని అడుగుతారు. వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది, ఉప్పులో ఉండే సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. నల్ల టీషర్టు ఆరాక తెల్లటి చారలు కనిపిస్తాయే, అదే. కొబ్బరినీళ్లు తాగండి, కానీ వాటితోనే సరిపెట్టుకోవద్దు.

ఈ ఉప్పు గురించి నాకు నేర్పింది రణస్థలం దగ్గర హైవే పక్కన మజ్జిగ అమ్ముకునే ఒక పెద్దావిడ. మార్చి నెల, నాలుగు గంటల ప్రాక్టీస్. ఎండగా ఉంది, నీళ్లు తగ్గకూడదని దారిపొడవునా సీసాల మీద సీసాలు కొని తాగాను, అన్నీ ఉత్త నీళ్లే. ఆరు లీటర్లు అయ్యాయి. మూడో గంట దాటాక వేళ్లు ఉబ్బి, వాచీ పట్టీ మణికట్టును కోస్తున్నట్టయింది. పొట్టలో నీళ్లు కుదుపుకు గలగలమంటున్నాయి. తల పగిలిపోతోంది. ఇంత తాగినా ఇలా ఉందంటే ఇంకా తాగాలేమో అనుకుని ఆమె నీడకు వెళ్లి కూలబడ్డాను.

"ఏటి బాబూ, అలగైపోనావు? కూకో" అంది. నీళ్లు అడిగాను. నా ముఖం, చేతులు చూసింది. "నీల్లు కాదు నాయినా, నీల్లు తాగే ఇలగైనట్టున్నావు. ఉప్పేసిన మజ్జిగ ఇత్తాను, కొద్ది కొద్దిగా తాగు" అని గ్లాసులో ఉప్పు వేసి, వేళ్లతో కలిపి ఇచ్చింది. అరగంటకు తల తేలికపడింది. సైకిల్ ఆటోలో వేసుకుని ఇంటికొచ్చి తూచుకుంటే పొద్దున్నకంటే అర కిలో ఎక్కువున్నాను. నాలుగు గంటలు ఎండలో తొక్కిన మనిషి బరువు పెరగడమేమిటి? తర్వాత డాక్టర్ చెప్పారు, ఉత్త నీళ్లు మితిమీరితే రక్తంలో సోడియం పలచబడిపోతుందని, అది ప్రాణం మీదికి కూడా రావచ్చని. ముందుండే వేగమైన మనుషులకంటే వెనకుండే మనలాంటివాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. మనం రోడ్డు మీద ఎక్కువ గంటలుంటాం, ప్రతి స్టాల్ దగ్గరా ఆగి తాగుతాం. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతి కలిసి వస్తే నీళ్లు ఆపండి. మాట తడబడినా, మనిషి తికమకపడినా సైకిల్, పోటీ అన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లిపోవాలి. ఆవిడకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆగుతాను.

మరి మీకు ఎన్ని నీళ్లు కావాలి? అది తూకం చెబుతుంది. ఒక గంట తొక్కే ముందు మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా తూచుకోండి. గంటలో తాగినది కొలవండి. తిరిగొచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ తూచుకోండి. నా పుస్తకంలో రాసుకున్న ఒక మే నెల లెక్క ఇది: ముందు 97.4 కిలోలు, తర్వాత 96.3. అర లీటరు తాగాను. తగ్గిన 1.1కి తాగిన 0.5 కలిపితే గంటకు 1.6 లీటర్ల చెమట. అంత తిరిగి తాగడానికి కడుపు పట్టదు, పట్టించకూడదు కూడా. అదే దారిలో, అదే ఎండలో వేగం గంటకు 22 కిలోమీటర్లకు తగ్గించి తొక్కిన రోజు చెమట 1.2కి తగ్గింది. గంటకు ముప్పావు లీటరు తాగితే నాలుగు గంటలకు ఒంట్లో నుంచి 1.8 కిలోలు పోతాయి, అంటే నా బరువులో రెండు శాతం లోపే. అది తట్టుకోవచ్చు. దాహం వేసినప్పుడు ఇంకో గుక్క తాగండి, వద్దనిపిస్తే బలవంతం చేయకండి. దిగాక బరువు పొద్దున్నకంటే పెరగకూడదు, ఈ ఒక్క నియమం తప్పకండి.

సీటు దగ్గర, తొడల దగ్గర ఒరుసుకుపోవడం గురించి చాలామంది అడుగుతున్నారు. బయలుదేరే ముందు వాజెలిన్ దట్టంగా రాయండి, గంటన్నరకు మళ్లీ రాయండి. మిగతాది షార్ట్స్ ఎంపికలో ఉంది, అది ఏడో పాఠంలో చెబుతాను.

ఇక మూడు ఆదివారాల పని. మొదటి ఆదివారం 30 కిలోమీటర్లు, తూకం పరీక్ష ఒక్కటే. వాచీలో ప్రతి 20 నిమిషాలకు మోగేలా పెట్టుకోవడం ఆ రోజే నేర్చుకోండి.

రెండో ఆదివారం శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా వెళ్లి రండి, సుమారు 50 కిలోమీటర్లు. తెల్లవారకుండానే బయలుదేరితే లైట్‌హౌస్ దగ్గరికి ఎండ ముదరకముందే చేరుతారు. పది దాటితే సముద్రపు గాలి లేస్తుంది, చెమట లెక్కలన్నీ మారిపోతాయి. విజయనగరం వాళ్లు ఇదే దూరం చింతపల్లి బీచ్ వైపు చూసుకోవచ్చు. మొదటి మోత నుంచే తినండి. ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. మోత మోగితే ఒక తాండ్ర ముక్క లేదా సగం అరటిపండు, పైన నాలుగు గుక్కలు. గంటలో మూడో మోతకు మాత్రం గుక్కలే. ఒక మోత తప్పితే తర్వాతి మోతకు రెండు ముక్కలు కలిపి మింగకండి, వదిలేయండి.

మూడో ఆదివారం 75 కిలోమీటర్లు. నీళ్లకు కావలసిన పంచదార, ఉప్పు లీటరుకు ఒక పొట్లం చొప్పున ఇంట్లోనే కట్టుకుని వెళ్లండి. దారిలో ఏ కొట్టు దగ్గరైనా మంచినీళ్లు కొని కలుపుకోవచ్చు. చివరి 20 కిలోమీటర్లలో మీ వేగం మొదటి 20తో పోలిస్తే ఎంత తగ్గిందో రాసుకోండి. గంటకు రెండు కిలోమీటర్లకు మించి తగ్గితే మొదట్లో తొందరపడ్డారు, లేదా సరిగ్గా తినలేదు. ఆ రోజు ఏ మోతకు ఏం తిన్నారో వెనక్కి చూస్తే ఏది తప్పిందో అక్కడే దొరుకుతుంది.

ఆరో పాఠం సైకిల్ దిగగానే పరుగు. దానికి రెండు పాత సంచులు, ఒక తువ్వాలు, పరుగు బూట్లు దగ్గర పెట్టుకోండి, ఈ మూడు వారాల కాగితం కూడా.