రెండు నెలల సైనికుడు: 3వ పాఠం – రైఫిలూ, రిజిస్టరూ

కిందటి పాఠంలో ఖాళీ రైఫిల్ గొట్టం కొసన రూపాయి బిళ్ల పెట్టి, అది జారకుండా ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకున్నాం. పదిసార్లలో ఎనిమిదిసార్లు బిళ్ల నిలిస్తే ముందుకు రండి. లేదంటే ఇంకో రెండు సాయంత్రాలు దానిమీదే ఉండండి.

టెరిటోరియల్ ఆర్మీ 1949లో మొదలైన నాటి నుంచీ ఉన్న పద్ధతే ఇది: మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్లది, ఏటా కొద్దికాలం యూనిఫారం. మన ఒడిశాలో పర్లాకిమిడిలో కొట్టు నడిపేవాడైనా, గుణుపురంలో గుమాస్తా అయినా, ఆ రెండు నెలల్లోనే చేతులకు పట్టు తిరిగి రావాలి. సెక్షన్ అంటే పదిమంది జట్టు. దాని కమాండర్ అయితే ఆ పదిమంది కాగితాలూ మన నెత్తినే పడతాయి: హాజరు, నామినల్ రోల్ (పేర్ల జాబితా), తూటాల లెక్క, సెలవు చీటీలు.

మన జిల్లాల కుర్రాళ్లకు మొదటి చిక్కు పేరుతోనే. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా బడి సర్టిఫికెట్‌లో అదే చివరికి పోతుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరంగా మిగులుతుంది. క్యాంపులో దిగాక ఈ తేడా బయటపడితే జీతం ఆగుతుంది, దానికోసం రైఫిల్ వదిలి ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడాలి. ఈ పని ఇంటి దగ్గరే, బయల్దేరడానికి నెల ముందే చక్కబెట్టించండి. నా సెక్షన్‌లో ప్రతివాడి కాగితాలూ నేనే పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇక ఫైరింగ్ రోజు. పదిమందికి అయిదేసి తూటాలంటే యాభై. సాయంత్రం యాభై ఖోఖాలు, అంటే కాల్చాక మిగిలే ఖాళీ తొడుగులు, తిరిగి అప్పజెప్పాలి. ఒక ఏడాది నేను తూటాలు లెక్కపెట్టకుండానే సంతకం పెట్టాను. సాయంత్రానికి నలభైతొమ్మిది ఖోఖాలే తేలాయి. చీకటిపడేదాకా పదిమందీ మోకాళ్ల మీద ఇసుక జల్లెడ పట్టారు. మర్నాటి ఫైరింగ్ మా సెక్షన్‌కు పోయింది. ఏడాదికోసారి వచ్చే అవకాశం అది. ఆ కుర్రాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

అప్పటినుంచి జేబులో చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ ఉంటాయి. పెన్సిలే ఎందుకంటే చెమటకు సిరా చెదురుతుంది. మనిషికి ఒకే వరుస: పేరు, రైఫిల్ బట్ (వెనక మడమ) మీది నంబర్, తీసుకున్న తూటాలు, ఇచ్చిన ఖోఖాలు, టార్గెట్ మీద తూటా దెబ్బల గుంపు ఎలా పడింది. తూటా చేతికిచ్చినప్పుడే రాయండి, తరవాత రాద్దామనుకోకండి. రాత్రి రిజిస్టర్‌లోకి మొదటి నాలుగూ ఎక్కించడానికి పావుగంట చాలు.

అయిదోది శిక్షణ కోసం. “నిలువుగా” అని రాసి ఉంటే వాడు ఊపిరి ఆపకుండా కాలుస్తున్నాడన్న అనుమానం ముందు రావాలి. మర్నాడు పొద్దున్నే రైఫిల్ పట్టిన వాడి పక్కన బోర్లా పడుకోండి. ఊపిరి సగం వదిలాక ఆపమనండి, ఆ నిలకడలోనే ట్రిగ్గర్ నొక్కించండి. పదిమందికీ ఒకే ఉపన్యాసం ఇచ్చే కంటే, ఆ ఒక్కడితో గడిపే పది నిమిషాలు నాకు విలువైనవి. కాగితం పని శిక్షణకు అడ్డమని విసుక్కునేవాళ్లకు నేను చూపించేది ఈ వరుసనే.

ఈ వారం అభ్యాసం: మీ సెక్షన్ పేర్లతో ఆ అయిదు గళ్లు గీసుకోండి. బట్ నంబర్లు చూడకుండా చెప్పగలిగేదాకా చదవండి.

వచ్చే పాఠం: తూటా ఇరుక్కున్నప్పుడు చేతులు చేయాల్సిన పని, వరుస తప్పకుండా.