నిఘా చట్టాలకు మీ డేటా ఎక్కడ దొరుకుతుంది? ఫోన్‌లో మార్చుకోవాల్సినవి

ప్రభుత్వ నిఘా అనగానే మన ఫోన్‌లోకి ఎవరో చొరబడి వింటున్నట్టు ఊహించుకుంటాం. పెగాసస్ లాంటి గూఢచర్య సాఫ్ట్‌వేర్ ఉన్న మాట నిజమే. కానీ మామూలుగా చట్టానికి అంత శ్రమ అక్కర్లేదు. మీ సమాచారం ఏ కంపెనీ దగ్గరుందో దానికి ఆదేశం పంపితే సరిపోతుంది. అమెరికాలో విదేశీ నిఘా చట్టమైన ఫైసాలో 2008 నాటి 702వ సెక్షన్, బ్రిటన్‌లో 2016 నాటి ఇన్వెస్టిగేటరీ పవర్స్ యాక్ట్, భారత్‌లో ఐటీ చట్టం 69వ సెక్షన్, అన్నింటిలోనూ కంపెనీ చేత పని చేయించుకునే అధికారం ఉంది. అందుకే సెట్టింగ్స్ ముట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని, మీ ఏ సమాచారం ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటోందో రాసుకోండి.

అందులో చాలామంది మరిచిపోయేది మెటాడేటా. ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ దగ్గర్నుంచి అన్న వివరాలివి. ఆస్ట్రేలియాలో 2015లో చేసిన చట్టం ప్రకారం టెలికాం కంపెనీలు వీటిని 2 ఏళ్లు దాచాలి. సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేసినంత (ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చినంత) మాత్రాన ఇవి దాగవు. కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు సందేశం భద్రంగా వెళ్తుందా అన్నదొక్కటే చూస్తే చాలదు, కంపెనీ తన దగ్గర ఏం మిగుల్చుకుంటోందో కూడా చూడాలి. 2016లో అమెరికాలో గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలు పరిశీలించే పౌరుల బృందం) సమన్లు వస్తే సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ. మిగతావి దాని దగ్గర లేవు. టెలిగ్రామ్‌లో అలా కాదు. అక్కడ మామూలు చాట్లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప కంపెనీ కూడా చదవలేని రక్షణ ఉండదు, సీక్రెట్ చాట్ విడిగా తెరిస్తేనే ఉంటుంది. గ్రూపులకు ఆ సౌకర్యమే లేదు.

ఇక అసలు చిల్లు బ్యాకప్. వాట్సాప్ సందేశాలు దారిలో భద్రమే. కానీ చాట్ మొత్తం గూగుల్ ఖాతాలోకో ఐక్లౌడ్‌లోకో బ్యాకప్ అవుతుంటే, దాన్ని మీరు విడిగా ఎన్‌క్రిప్ట్ చేయనంతవరకు ఆ రక్షణ అక్కడ వర్తించదు. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, అందులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేయండి. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అంకెల కీ తీసుకోవచ్చు. కీ తీసుకుంటే కాగితం మీద రాసి దాచండి. పోగొట్టుకుంటే వాట్సాప్ కూడా తిరిగి ఇవ్వలేదు. ఐఫోన్ వాడేవారు ఇక్కడే పొరబడతారు: ఫోన్ మొత్తానికీ ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే, చాట్ల కాపీ ఒకటి ఎన్‌క్రిప్ట్ కాకుండానే దాంతోపాటు వెళ్లిపోతుంది. దాన్ని ఆపేయాలి, లేదా ఐక్లౌడ్ బ్యాకప్‌ను కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్ట్ చేసే యాపిల్ సదుపాయం అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఆన్ చేయాలి. బ్రిటన్‌లో కొత్తగా ఆ సదుపాయం తీసుకునే వీలు లేకుండా 2025 ఫిబ్రవరిలో యాపిల్ ఉపసంహరించుకుంది, ప్రభుత్వ ఒత్తిడి ఫలితమది. మీరు ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా అవతలి వ్యక్తి బ్యాకప్ తెరిచే ఉంటే మీ మాటలు అక్కడ దొరుకుతాయి. నిజంగా గోప్యంగా ఉండాల్సిన సంభాషణైతే ముందు వాళ్ల ఫోన్‌లో కూడా ఇదే మార్పు చేయించండి.

మీ ఇంటర్నెట్ రాకపోకలను మరో కంపెనీ సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ మీద పెట్టుకునే నమ్మకం మాత్రం అతిగా ఉంటోంది. అది మీ ఇంటర్నెట్ కంపెనీ కళ్లు కప్పుతుంది, కానీ ఆ చూపు వీపీఎన్ కంపెనీకి దక్కుతుంది. భారత్‌లో 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలను 5 ఏళ్లు దాచాలన్నాయి. దాంతో కొన్ని కంపెనీలు అక్కడి సర్వర్లే తీసేశాయి. ఉచిత వీపీఎన్ జోలికి పోవద్దు. మీరెవరో, ఏ సైట్‌కెళ్తున్నారో రెండూ ఒకరికే తెలియకూడదనుకుంటే టార్ బ్రౌజర్ వాడండి. అది మీ రాకపోకలను మూడు వేర్వేరు సర్వర్ల మీదుగా పంపుతుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది. అయితే అందులో మీ సొంత మెయిల్‌లోకి లాగిన్ అయితే మీరెవరో మీరే చెప్పినట్టు.

ఫోన్‌కు 4 అంకెల పిన్ తీసేసి, అక్షరాలూ అంకెలూ కలిసిన పాస్‌కోడ్ పెట్టండి. సరిహద్దు తనిఖీలకు ముందు ఫోన్ పూర్తిగా స్విచ్ఛాఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేశాక మొదటిసారి పాస్‌కోడ్ కొట్టేదాకా వేలిముద్ర, ముఖం పనిచేయవు, ఫోన్‌లోని ఎక్కువ డేటా ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటుంది. తెరవమని చట్టబద్ధంగా అడిగితే నిరాకరించడం కొన్ని చోట్ల నేరమని మాత్రం తెలుసుకోండి. భారత్‌లో 69వ సెక్షన్ కింద సహకరించకపోతే 7 ఏళ్ల దాకా జైలుశిక్ష ఉంది.

అందుకే అన్నిటికంటే గట్టి రక్షణ అసలు సమాచారమే మిగల్చకపోవడం. సిగ్నల్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, డిసప్పియరింగ్ మెసేజెస్‌ (గడువు దాటాక వాటంతటవే చెరిగిపోయే సందేశాలు)లోకి వెళ్లి 1 వారం పెట్టండి. అది మీరు కొత్తగా మొదలుపెట్టే చాట్లకే వర్తిస్తుంది, పాతవాటికి ఒక్కొక్కదానిలో విడిగా పెట్టాలి. ఇదంతా ముందుగా, అలవాటుగా చేసుకోవాల్సిన పని. కేసు నమోదయ్యాకో, నోటీసు అందాకో చెరిపేస్తే సాక్ష్యం నాశనం చేశారన్న కొత్త నేరం మెడకు చుట్టుకోవచ్చు. అప్పుడు ఏదీ ముట్టుకోకుండా ముందు లాయర్‌ని కలవండి.