చెప్పి వెళ్లండి

మా అబ్బాయికి 14 నెలలప్పుడు, వాడు బొమ్మలతో ఉండగా చప్పుడు కాకుండా ఆఫీసుకు జారుకునేదాన్ని. ఏడుపు తప్పించానని సంబరపడ్డాను. వారం తిరగకుండానే నేను స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర కాపలా కాయడం మొదలుపెట్టాడు.

కాబట్టి చెప్పి వెళ్లండి. రోజూ అదే మాట, ఒక ముద్దు, అంతే. ఏడుపు విని మళ్లీ లోపలికి రాకండి. సాయంత్రం రాగానే సంచి కూడా దించకముందే ఎత్తుకోండి. 1970లలో మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది పిల్లల మీద వెలువరించిన పరిశోధనలో, తల్లి వెళ్లినప్పటి ఏడుపుకన్నా తిరిగొచ్చాక బిడ్డ కుదుటపడే తీరే తల్లి మీద దానికున్న నమ్మకం గురించి ఎక్కువ చెప్పింది.

ఆ తరువాత అమ్మాయి పుట్టింది, నా గుట్టు బయటపడింది. అది పడితే "నొప్పిగా ఉందా తల్లీ?", వాడు పడితే "ఏం కాలేదు, లే!" గీసుకుపోయిన మోకాలు మాత్రం ఒకటే. ఇప్పుడు ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాను: "నొప్పా, భయమా, కోపమా?" పేరు తెలిసిన బాధను వాడు తోటి పిల్లల మీద చేయి చేసుకోకుండా మాటల్లో చెబుతున్నాడు, చాలాసార్లు.

అబ్బాయివి, అమ్మాయివి అని వేరు చేయకుండా బొమ్మలన్నీ ఒకే బుట్టలో వేయండి. ఇక వాడు బొమ్మ లాక్కున్నప్పుడు అమ్మాయితోనే "నువ్వే సర్దుకో" అనడం మానాలి. నాకింకా నోటి చివరిదాకా వస్తూనే ఉంది.